ఆదాయపు పన్ను (ఐటీ) రిటర్ను: ఆడిటర్‌కి ఇవ్వాలా, సాఫ్ట్‌వేర్‌లో మనమే వేసుకోవాలా?

(ఇది 2024-25 ఆదాయానికి 2025లో వేసే రిటర్నుల గురించిన జవాబు; రేట్లు, ఫారాలు, గడువులు అప్పటివి.) మీరు అడిగింది క్లుప్తంగా: హైదరాబాద్‌లో ఉద్యోగం. 2024-25లో సెప్టెంబరు దాకా ఒక కంపెనీలో 6 లక్షలు, అక్టోబరు నుంచి ఇంకో కంపెనీలో 7 లక్షలు జీతం. కొన్ని షేర్లు అమ్మారు. కొన్ని నెలలు ఆప్షన్స్ (స్టాక్ మార్కెట్లో ఒక రకం ట్రేడింగ్) చేస్తే 85 వేలు పోయాయి. నాన్నగారు ఖమ్మం శివార్లలో 1996లో కొన్న ఇంటి స్థలాన్ని 2024 నవంబరులో 36 లక్షలకు అమ్మారు. ఇద్దరి రిటర్నులూ సాఫ్ట్‌వేర్‌లో మీరే వేసేయొచ్చా, లేక ఆడిటర్‌కి డబ్బులిచ్చి చేయించాలా?

ఈ ఏడాది రెండూ చార్టర్డ్ అకౌంటెంట్ (సీఏ)తోనే చేయించండి. మీ రిటర్ను ఆప్షన్స్ వల్ల, నాన్నగారిది స్థలం వల్ల. ఆప్షన్స్ లేకపోయి ఉంటే రెండు ఫారం 16లు (జీతం, అందులో కోసిన పన్ను వివరాలతో కంపెనీ ఇచ్చే కాగితాలు) ఉన్నా, షేర్లున్నా మీది మీరే వేసుకోవచ్చనేవాణ్ణి. వచ్చే ఏడాది ఈసారి వేసిన దాన్ని ముందు పెట్టుకుని మీరే నింపి, సీఏకి ఒకసారి చూపించి వేసుకోగలరు కూడా.

చాలామంది జీతం పెద్దదైతే ఆడిటర్, చిన్నదైతే సాఫ్ట్‌వేర్ అనుకుంటారు. జీతం సైజుకీ దీనికీ సంబంధం లేదు. ఒక్క కంపెనీ, ఒక్క ఫారం 16, బ్యాంకు వడ్డీ ఉన్న 60 లక్షల జీతగాడు గంటలో తనే వేసుకోగలడు. 50 లక్షలు దాటింది కాబట్టి ఐటీఆర్-1 అనే రిటర్ను ఫారం బదులు ఐటీఆర్-2 వాడాలి, అంతే. 9 లక్షల జీతంతో పాటు అమెరికా కంపెనీ షేర్లు చేతికొచ్చిన కుర్రాడికి మాత్రం సాయం కావాలి. నేను చూసేది ఒకటే: రిటర్నులో పెట్టాల్సిన ప్రతి అంకె ఇప్పటికే ఎవరో ఒక కాగితం మీద రాసిచ్చారా, లేక ఆ అంకె ఎంతో మీరే నిర్ణయించాలా? ఫారం 16, 26ఏఎస్ (మీ పేరు మీద కోసిన, కట్టిన పన్నుల జాబితా), బ్రోకర్ ఇచ్చే టాక్స్ స్టేట్‌మెంట్, బ్యాంకు వడ్డీ సర్టిఫికెట్, వీటిలోంచి ఎత్తి రాయడమే పనైతే సాఫ్ట్‌వేర్ చాలు. అంకెను నిర్ణయించాల్సి వస్తే మనిషి కావాలి. సాఫ్ట్‌వేర్ మీరిచ్చిన అంకెతో లెక్క తప్పకుండా వేస్తుంది, కానీ ఆ అంకె సరైనదో కాదో దానికి తెలియదు.

ముందు మీ రెండు ఫారం 16ల సంగతి. ఉద్యోగం మారినవాళ్లలో ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. కొత్త కంపెనీలో చేరినప్పుడు ఫారం 12బీలో పాత జీతం వివరాలు ఇవ్వకపోతే, వాళ్లు తమ దగ్గరి జీతం వరకే పన్ను లెక్కిస్తారు. పాత కంపెనీ కూడా ఫైనల్ సెటిల్‌మెంట్‌లో అంతే చేసిందనుకోండి. 6 లక్షల్లో 75 వేల స్టాండర్డ్ డిడక్షన్ తీస్తే 5,25,000. 7 లక్షల్లో 75 వేలు తీస్తే 6,25,000. కొత్త పన్ను విధానంలో (రేట్లు తక్కువ, మినహాయింపులూ తక్కువ) రెండూ 7 లక్షల లోపే కాబట్టి 87ఏ సెక్షన్ రిబేటుతో, అంటే పన్ను మాఫీతో, ఇద్దరూ టీడీఎస్ (జీతంలోంచి ముందే కోసే పన్ను) సున్నా చూపిస్తారు. మీరు కూడా పన్నేమీ లేదనుకుంటారు.

రెండూ కలిపితే 13 లక్షలు. స్టాండర్డ్ డిడక్షన్ ఒక్కసారే వస్తుంది కాబట్టి పన్ను పడే ఆదాయం 12,25,000. మొదటి 3 లక్షలకు ఏమీ లేదు. 3 నుంచి 7 లక్షల దాకా 5 శాతంతో 20,000. 7 నుంచి 10 దాకా 10 శాతంతో 30,000. 10 నుంచి 12 దాకా 15 శాతంతో 30,000. మిగతా 25 వేలకు 20 శాతంతో 5,000. మొత్తం 85,000, దానిమీద 4 శాతం సెస్సు 3,400. కట్టాల్సింది 88,400. ఇది ఆగస్టులో కడితే 234బీ సెక్షన్ కింద ఏప్రిల్ నుంచి నెలకు 1 శాతం చొప్పున 5 నెలలకు 4,420 వడ్డీ. అడ్వాన్స్ టాక్స్ (ఏడాది మధ్యలోనే విడతలుగా కట్టాల్సిన పన్ను) వాయిదాలేవీ కట్టలేదు కాబట్టి 234సీ కింద ఇంకో 4,460 దాకా. అంటే చేతినుంచి దాదాపు 97 వేలు. మీ ఫారం 16లలో టీడీఎస్ ఎంత కోశారో చూసుకుని ఆ మేరకు తగ్గించుకోండి.

ఈ లెక్క సాఫ్ట్‌వేర్ సరిగ్గానే చేస్తుంది, రెండు ఫారం 16లూ ఎక్కిస్తే. ఒక్కటే ఎక్కించి "పన్ను సున్నా" అని చూసి సంతోషంగా సబ్మిట్ కొట్టినవాళ్లకి కొన్ని నెలల తర్వాత, లెక్క సరిచూసి శాఖ పంపే 143(1) ఇంటిమేషన్ వస్తుంది. కట్టేటప్పుడు ఇంకో జాగ్రత్త: పోర్టల్‌లో ఈ-పే టాక్స్‌లో అసెస్‌మెంట్ ఇయర్ (ఆదాయం వచ్చిన ఏడాదికి తర్వాతిది) 2025-26, సెల్ఫ్ అసెస్‌మెంట్ టాక్స్ (300) ఎంచుకోవాలి. 2024-25 ఆర్థిక సంవత్సరం కదా అని అసెస్‌మెంట్ ఇయర్ కూడా 2024-25 అని కొట్టేస్తారు. డబ్బు ఇంకో ఏడాది ఖాతాలో పడుతుంది, ఈ ఏడాది డిమాండ్ అలాగే ఉంటుంది.

ఇక ఆప్షన్స్. ఫ్యూచర్స్, ఆప్షన్స్ లాభనష్టాలు చట్టం దృష్టిలో వ్యాపారం. షేర్లు కొని అమ్మినట్టు కాదు. అందుకే మీది ఐటీఆర్-1 కాదు, ఐటీఆర్-2 కాదు, ఐటీఆర్-3. "నష్టమే కదా, చూపించకపోతే ఏమవుతుంది" అని చాలామంది వదిలేస్తారు. చూపించకపోతే ఆదాయ వివరాలు దాచినట్టవుతుంది, పైగా నష్టం కూడా పోతుంది. చూపిస్తే ఆ 85 వేలను ఈ ఏడాది జీతం తప్ప మిగతా ఆదాయాల్లోంచి, అంటే వడ్డీ, డివిడెండు, షేర్ల లాభం లాంటి వాటిలోంచి తీసేయొచ్చు. అప్పటికీ మిగిలితే, రిటర్ను గడువు లోపు వేసి ఉంటే, 8 ఏళ్లపాటు ముందుకు తీసుకెళ్లి వ్యాపార లాభంలో సర్దుకోవచ్చు. గడువు దాటి వేసిన రిటర్నుకు ఇలా ముందుకు తీసుకెళ్లే సౌకర్యం లేదు. ఆ నష్టాన్ని మోసుకెళ్లినన్నాళ్లూ ఐటీఆర్-3నే వేయాలి.

ఇందులో మనిషి కావాల్సిన చోట్లు మూడు.

ఒకటి, టర్నోవర్. ఆప్షన్స్‌లో టర్నోవర్ అంటే కొన్న అమ్మిన మొత్తం కాదు. లాభం వచ్చిన ట్రేడుల మొత్తం 1,20,000, నష్టం వచ్చినవి 2,05,000 అయితే మైనస్ గుర్తు పట్టించుకోకుండా రెండూ కూడితే వచ్చే 3,25,000 టర్నోవర్. నికరం 85 వేల నష్టం. ఈ సైజులో మామూలుగా టాక్స్ ఆడిట్ (సీఏ చేసే లెక్కల తనిఖీ) అక్కర్లేదు. కానీ గత కొన్నేళ్లలో ఎప్పుడైనా 44ఏడీ సెక్షన్ కింద అసలు లెక్క బదులు అంచనా లాభం చూపించి, ఇప్పుడు దాన్నుంచి బయటికొస్తుంటే ఆడిట్ ప్రశ్న తలెత్తవచ్చు. అది పాత రిటర్నులు చూసి తేల్చాల్సిన విషయం.

రెండు, ఖర్చులు. బ్రోకర్ స్టేట్‌మెంటులో బ్రోకరేజీ, ఎస్‌టీటీ (ట్రేడుల మీద పడే పన్ను), ఇతర చార్జీలు చాలాసార్లు విడిగా, కింద ఎక్కడో ఉంటాయి. వ్యాపారం కాబట్టి ఇక్కడ ఎస్‌టీటీ కూడా ఖర్చుగా తీసుకోవచ్చు. షేర్ల క్యాపిటల్ గెయిన్స్‌లో అలా తీసుకోకూడదు. సాఫ్ట్‌వేర్ నికర నష్టం అంకె ఒక్కటే లాక్కొస్తే నష్టం తక్కువ నమోదవుతుంది.

మూడు, అన్నిటికన్నా ముఖ్యం: పాత విధానం, కొత్త విధానం. వ్యాపార ఆదాయం లేనివాళ్లు రిటర్నులోనే ఒక టిక్కుతో పాత విధానం ఎంచుకోవచ్చు, ఏటా మార్చుకోవచ్చు. ఆప్షన్స్ చేశారంటే, 85 వేల నష్టమే అయినా, మీరు వ్యాపార ఆదాయం ఉన్నవాళ్ల లెక్కలోకి వస్తారు. అప్పుడు పాత విధానం కావాలంటే గడువు లోపు ఫారం 10-ఐఈఏ విడిగా వేయాలి, దాని నంబరు ఐటీఆర్-3లో పెట్టాలి. ఒకసారి అలా వెళ్లి మళ్లీ కొత్త విధానానికి వస్తే, వ్యాపార ఆదాయం ఉన్నంతకాలం పాత విధానం తలుపు మూసుకుపోతుంది. ఇంటి అద్దె, 80సీ పెట్టుబడులు, గృహరుణం వడ్డీ చూపించి ఆఫీసులో పాత విధానం ప్రకారం టీడీఎస్ కోయించుకుని, రిటర్ను దగ్గర ఈ ఫారం సంగతి తెలియక లక్ష దాకా పన్ను ఎక్కువ పడినవాళ్లు ప్రతి సీజన్‌లోనూ కనిపిస్తారు. ఎవరైనా ముందే ఒక మాట చెప్పి ఉంటే తప్పిపోయే నష్టం ఇది.

షేర్ల విషయం తేలిక. 2024 జూలై 23 నుంచి రేట్లు మారాయి కాబట్టి ఆ తేదీకి ముందు అమ్మినవీ తర్వాత అమ్మినవీ విడగొట్టాలి. ఏడాది లోపు అమ్మిన వాటికి 15 శాతం 20 అయింది, ఏడాది దాటిన వాటికి 10 శాతం 12.5 అయింది, 1,25,000 దాకా పన్ను లేదు. బ్రోకర్ స్టేట్‌మెంటులో ఇది విడగొట్టే ఉంటుంది. చూసుకోవాల్సింది కొన్న ధర ఒక్కటే. ఒక డీమ్యాట్ నుంచి ఇంకో డీమ్యాట్‌కి మార్చిన షేర్లు, కంపెనీ విడిపోయినప్పుడు వచ్చినవి, వీటికి కొన్న ధర సున్నా అని పడిపోతుంది. అమ్మిన మొత్తమంతా లాభంగా కనిపిస్తుంది.

నాన్నగారి స్థలం. ఇక్కడ సీఏకి ఇచ్చే ఫీజు దండగ అని అసలు అనుకోవద్దు, ఎందుకో అంకెలతో చూపిస్తాను.

రెండేళ్లు దాటి ఉంచుకున్న స్థలం కాబట్టి దీర్ఘకాలిక లాభం. 2024 జూలై 23కి ముందు కొన్నది, ఆ తేదీ తర్వాత అమ్మింది కాబట్టి రెండు రకాల లెక్కల్లో ఏది తక్కువైతే అంతే పన్ను: ద్రవ్యోల్బణం కలపకుండా 12.5 శాతం, లేదా కలిపి 20 శాతం. 2001 ఏప్రిల్ 1కి ముందు కొన్న ఆస్తికి కొన్న ధర బదులు ఆ రోజు నాటి మార్కెట్ విలువ తీసుకోవచ్చు. ధరల పెరుగుదలకు ప్రభుత్వం ఇచ్చే సూచీ 2001-02కి 100, 2024-25కి 363.

ఆ 2001 నాటి విలువ 3 లక్షలు అనుకుందాం. సూచీ లేకుండా లాభం 33 లక్షలు, 12.5 శాతం 4,12,500. సూచీతో విలువ 10,89,000 అవుతుంది, లాభం 25,11,000, 20 శాతం 5,02,200. కాబట్టి మొదటిది మేలు. అదే 2001 విలువ 6 లక్షలైతే? సూచీ లేకుండా 30 లక్షల మీద 3,75,000. సూచీతో విలువ 21,78,000, లాభం 14,22,000, పన్ను 2,84,400. ఇప్పుడు రెండోది మేలు. (సెస్సు, నాన్నగారి 3 లక్షల ప్రాథమిక మినహాయింపులో మిగిలే భాగం ఇక్కడ కలపలేదు.) అమ్మిన ధర 2001 విలువకు సుమారు 8 రెట్ల కన్నా తక్కువైతే సూచీ లెక్క లాభం, ఎక్కువైతే 12.5 శాతం లాభం అని గుర్తుపెట్టుకోండి.

ఒక్క అంకె 3 నుంచి 6కి మారితే పన్ను 1,28,100 తగ్గింది. ఆ అంకె ఏ ఫారం 16లోనూ ఉండదు, ఏఐఎస్ (శాఖ దగ్గరున్న మీ ఆదాయాలు, లావాదేవీల జాబితా)లోనూ ఉండదు. రిజిస్టర్డ్ వాల్యుయర్ రిపోర్టు తీసుకోవాలి, అదీ 2001 ఏప్రిల్ 1 నాటి రిజిస్ట్రేషన్ ఆఫీసు విలువకు మించకూడదు. సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు నుంచి ఆ నాటి విలువ రాబట్టడానికి రోజులు పడుతుంది. గడువు వారంలో ఇది అయ్యే పని కాదు.

ఇంకో రెండు. అమ్మిన దస్తావేజులో 36 లక్షలున్నా, ఆ రోజు ప్రభుత్వ విలువ దానికన్నా 10 శాతం మించి ఎక్కువ ఉంటే, అంటే 39.6 లక్షలు దాటితే, పన్నుకు ఆ ప్రభుత్వ విలువనే అమ్మకపు ధరగా తీసుకుంటారు. 30 లక్షలు, అంతకుమించిన రిజిస్ట్రేషన్లన్నీ సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు నుంచి ఆదాయపు పన్ను శాఖకు చేరతాయి. నాన్నగారి ఏఐఎస్ తెరిస్తే ఆ అమ్మకం కనిపించాలి. "ఊళ్లో స్థలం కదా, ఎవరికి తెలుస్తుంది" అనే మాటకు ఇప్పుడు చోటు లేదు.

పన్ను తగ్గించుకునే దారుల్లో ఒకటి ఇప్పటికే మూసుకుపోయింది. 54ఈసీ సెక్షన్ చెప్పే ప్రభుత్వ సంస్థల బాండ్లలో అమ్మిన 6 నెలల లోపు పెట్టాలి, నవంబరులో అమ్మారు కాబట్టి మేలోనే అయిపోయింది. 54ఎఫ్ కింద ఇల్లు కొనడం, కట్టడం ఇంకా చేయొచ్చు: కొనడానికి రెండేళ్లు, కట్టడానికి మూడేళ్లు. కానీ రిటర్ను గడువులోపు వాడని డబ్బును బ్యాంకులో క్యాపిటల్ గెయిన్స్ ఖాతాలో వేయాలి. మామూలు ఎఫ్‌డీలో పెడితే మినహాయింపు రాదు. లాభం మాత్రమే కాదు, అమ్మిన మొత్తం పెడితేనే పూర్తి మినహాయింపు, తక్కువ పెడితే ఆ నిష్పత్తిలో. ఇలాంటివి రిటర్ను వేసే రోజున కాదు, అడ్వాన్సు తీసుకున్న రోజునే అడగాలి.

ఊళ్లో పొలం అమ్మేవాళ్లు ఇది చదువుతుంటే ఒక ముక్క. గ్రామీణ వ్యవసాయ భూమి మీద ఈ పన్ను లేదు. కానీ మున్సిపాలిటీ జనాభా 10 వేల నుంచి లక్ష ఉంటే దాని హద్దు నుంచి 2 కిలోమీటర్లు, లక్ష నుంచి 10 లక్షలుంటే 6, అంతకు మించితే 8 కిలోమీటర్ల లోపల ఉన్న భూమి గ్రామీణం కాదు. దూరం రోడ్డు మీద కాదు, గగనమార్గాన కొలుస్తారు. తహశీల్దారు సర్టిఫికెట్, సాగు చేసిన ఆధారాలు దగ్గరుంచుకోండి.

మరి ఎవరు నిశ్చింతగా వాళ్లే వేసుకోవచ్చు? జీతం లేదా పెన్షన్, ఒక ఇల్లు, బ్యాంకు వడ్డీ, మొత్తం 50 లక్షల లోపు ఉన్నవాళ్లు ఐటీఆర్-1తో. 2025లో వేసే రిటర్నుల నుంచి లిస్టెడ్ షేర్లు, ఈక్విటీ ఫండ్ల మీద 1,25,000 దాకా దీర్ఘకాలిక లాభం ఉన్నా ఐటీఆర్-1 చాలు, నష్టం మోసుకెళ్లేది లేకపోతే. రెండు ఇళ్లు, స్వల్పకాలిక లాభాలు ఉంటే ఐటీఆర్-2, అదీ చేసుకోగలిగిందే. వీళ్లకు ప్రభుత్వ పోర్టల్ ఉచితం, వివరాలు ముందే నింపి ఉంటాయి. ప్రైవేటు సాఫ్ట్‌వేర్ డబ్బులకు విలువ వచ్చేది బ్రోకర్ల నుంచి వందల ట్రేడులు ఒకేసారి తెచ్చుకోవాల్సినప్పుడు. ఒక్క ఫారం 16 కోసం అయితే అవసరం లేదు.

ఏటా వరస ఇలా పెట్టుకోండి. జూన్ మధ్య దాకా ఆగండి, ఎందుకంటే చివరి త్రైమాసికం టీడీఎస్ వివరాలు కంపెనీలు మే 31 దాకా ఇస్తాయి, ఆ తర్వాతే 26ఏఎస్ నిండుతుంది. 26ఏఎస్, ఏఐఎస్ రెండూ దించుకుని ఫారం 16తో టీడీఎస్ రూపాయికి రూపాయి సరిపోల్చండి. ఏఐఎస్‌లో వడ్డీ, డివిడెండు, అమ్మకాలు అన్నీ చూడండి. మీది కానిది, రెండుసార్లు పడింది ఉంటే అక్కడే ఫీడ్‌బ్యాక్ పెట్టండి. బ్యాంకు ఖాతా వ్యాలిడేట్ అయి ఉందో లేదో చూడండి, లేకపోతే రీఫండు ఆగిపోతుంది. సబ్మిట్ చేశాక 30 రోజుల లోపు ఆధార్ ఓటీపీతో ఈ-వెరిఫై చేయండి. ఈ-వెరిఫై చేయని రిటర్ను వేయనట్టే లెక్క. మరచిపోయేవాళ్లు మీరు ఊహించినదానికన్నా ఎక్కువ.

సాఫ్ట్‌వేర్ తప్పులు ఎక్కడొస్తాయంటే: 2024-25 ఆదాయానికి పాత విధానంలో ఇంటి అద్దె లెక్కకు హైదరాబాద్ మెట్రో కాదు, బేసిక్‌లో 40 శాతమే. అప్పటికి 50 శాతం ఢిల్లీ, ముంబై, కోల్‌కతా, చెన్నైలకే. పెద్ద ఊరు కదా అని మెట్రో టిక్కు పెట్టేస్తారు. పోయినేడాది ఒక సాఫ్ట్‌వేర్, ఈ ఏడాది ఇంకోటి వాడితే పాత నష్టాలు కొత్తదానికి తెలియకపోవచ్చు. పోయినేటి రిటర్ను పీడీఎఫ్‌లోని సీఎఫ్ఎల్ షెడ్యూలు (ముందుకు తీసుకెళ్లే నష్టాల పట్టిక) చూసి మీరే ఎక్కించాలి. "మీకు ఈ విధానం మేలు" అని అది చెప్పే సలహా మీరు ఎక్కించిన వివరాల వరకే. గృహరుణం వడ్డీ ఎక్కించకముందే ఆ సలహా చూసి కొత్త విధానం నొక్కేస్తే లెక్క తప్పు దానిది కాదు.

అమెరికా కంపెనీ షేర్లు ఉన్న ఐటీ ఉద్యోగులకు నా సలహా ఎప్పుడూ సీఏనే, అదీ ఇలాంటివి చేసిన అలవాటున్న సీఏ. షెడ్యూల్ ఎఫ్ఏలో విదేశీ ఆస్తులు జనవరి 1 నుంచి డిసెంబరు 31 క్యాలెండర్ ఏడాదికి చూపించాలి, ఆదాయం మాత్రం ఏప్రిల్ నుంచి మార్చికి. అమ్మకపోయినా, డివిడెండు రాకపోయినా చూపించాలి. డివిడెండు మీద అక్కడ కోసిన 25 శాతం ఇక్కడ తగ్గించుకోవాలంటే ఫారం 67 వేయాలి. చూపించకపోతే నల్లధనం చట్టం కింద 10 లక్షల జరిమానా పడొచ్చు. 2024 అక్టోబరు నుంచి స్థిరాస్తి కాని వాటి మొత్తం విలువ 20 లక్షల లోపుంటే ఆ జరిమానా నుంచి ఊరట ఉంది, చూపించాల్సిన బాధ్యత నుంచి లేదు.

ఎన్‌ఆర్‌ఐలు హైదరాబాద్‌లో ఫ్లాటు అమ్మేటప్పుడు కొనేవాళ్లు 1 శాతం టీడీఎస్ కోస్తే సరిపోదు. 2025 నాటి చట్టంలో 195 సెక్షన్ కింద కోయాలి, కొనేవాళ్లకు టాన్ (టీడీఎస్ కోసేవాళ్లు తీసుకునే నంబరు) ఉండాలి. అమ్మేవాళ్లు ముందే ఫారం 13తో తక్కువ కోత సర్టిఫికెట్ తెచ్చుకోకపోతే పెద్ద మొత్తం రీఫండు వచ్చేదాకా ఇరుక్కుపోతుంది. రిటర్నుకు ముందే, ఒప్పందం దశలోనే సీఏ కావాల్సిన కేసు ఇది.

ఇక సీఏని ఎంచుకోవడం. మనం అందరినీ ఆడిటర్ గారూ అనే పిలుస్తాం గానీ, బోర్డు పెట్టుకున్న ప్రతి టాక్స్ కన్సల్టెంటూ సీఏ కాదు. సీఏ అయితే సీఏల సంస్థ ఐసీఏఐ ఇచ్చే సభ్యత్వ నంబరు ఉంటుంది, అడగండి. మామూలు జీతం రిటర్నుకు సీఏనే కానక్కర్లేదు, మంచి కన్సల్టెంట్లు చాలామంది ఉన్నారు. మీలాంటి కేసుకు మాత్రం సీఏ ఉండాలి.

రీఫండులో శాతం అడిగేవాళ్ల దగ్గర్నుంచి లేచి వచ్చేయండి. పార్టీలకు విరాళాలని, లేని జబ్బుకు వైద్యఖర్చులని, లేని చదువు రుణమని రాసి టీడీఎస్ మొత్తం వెనక్కి తెప్పిస్తామనే వాళ్లు ఆఫీసు వాట్సాప్ గ్రూపుల ద్వారానే వస్తారు. 2025 జూలై 14న ఆదాయపు పన్ను శాఖ ఇలాంటి దొంగ క్లెయిములు రాసే ఏజెంట్ల మీద దేశవ్యాప్తంగా 150 చోట్ల సోదాలు చేసింది. నోటీసు మాత్రం ఉద్యోగికే వస్తుంది. తప్పుడు వివరాలుగా తేలితే ఎగ్గొట్టిన పన్నుకు 200 శాతం జరిమానా, వడ్డీ వేరే. రిటర్ను కింద సంతకం మీది, వేసిపెట్టినవాళ్లది కాదు.

పోర్టల్ ప్రొఫైల్‌లో మొబైల్, ఈమెయిల్ మీవే ఉన్నాయో లేదో ఇవాళే చూడండి. చాలామంది కన్సల్టెంట్లు సౌకర్యం కోసం తమవి పెట్టుకుంటారు. అప్పుడు 143(1)(ఏ) సర్దుబాటు నోటీసు వాళ్లకు పోతుంది, జవాబుకు ఉన్నది 30 రోజులు. డిఫెక్టివ్ అని 139(9) నోటీసు వస్తే 15 రోజులే. మీకు తెలిసేసరికి గడువు అయిపోతుంది. పాస్‌వర్డ్ ఇవ్వక తప్పకపోతే పని అయ్యాక మార్చేయండి.

పని అప్పగించేముందు ఫీజు ఎంతో, అందులో నోటీసు వస్తే జవాబు కూడా కలిసి ఉందో లేదో వాట్సాప్‌లోనైనా రాయించుకోండి. అయ్యాక ఒక్క పేజీ అకనాలెడ్జ్‌మెంటుతో సరిపెట్టుకోకండి. పూర్తి రిటర్ను పీడీఎఫ్, పన్ను లెక్క కాగితం, చలానా, రిటర్ను డేటా ఉండే జేసన్ ఫైలు తీసుకోండి. సబ్మిట్ చేయకముందే లెక్క కాగితం పంపమనండి. అందులో ఏఐఎస్‌లోని ప్రతి ఆదాయం ఉందా, మీ రెండు జీతాలూ ఉన్నాయా, టీడీఎస్ 26ఏఎస్‌తో సరిపోయిందా అని మీరు చూడాలి. అరగంట పని.

మధ్యేమార్గం కూడా ఒకటుంది. పోర్టల్‌లో మీరే నింపి, డ్రాఫ్టుగా సేవ్ చేసి, ప్రివ్యూ పీడీఎఫ్‌ని సీఏకి చూపించి సలహా ఫీజు మాత్రమే ఇవ్వడం. చాలామంది ఒప్పుకుంటారు. ఆప్షన్స్ మానేసినా నష్టం మోసుకెళ్లాలి కాబట్టి వచ్చే ఏడాది మీకు సరిపోయేది ఇదే.

తేదీల విషయానికొస్తే, ఆడిట్ అవసరం లేనివాళ్లకు 2024-25 రిటర్ను గడువును 2025 సెప్టెంబరు 15 దాకా, తర్వాత ఇంకో రోజు, 16 దాకా పొడిగించారు. దాటితే 2025 డిసెంబరు 31 దాకా ఆలస్యపు రిటర్ను వేసే వీలుండేది, 5 లక్షలు దాటిన ఆదాయానికి 5,000, లోపైతే 1,000 ఫీజుతో. కానీ ఆలస్యమైతే పాత విధానం ఎంచుకునే అవకాశం పోతుంది, మీ ఆప్షన్స్ నష్టాన్ని ముందుకు తీసుకెళ్లే అవకాశమూ పోతుంది. వేసిన రిటర్నులో తప్పు కనిపిస్తే 2025 డిసెంబరు 31 లోపు ఫీజు లేకుండా రివైజ్ చేసే వీలుండేది. ఆ తర్వాత మిగిలేది ఐటీఆర్-యూ (అప్‌డేటెడ్ రిటర్ను). అందులో అదనపు పన్ను 25 శాతంతో మొదలై ఏడాదిని బట్టి 70 శాతం దాకా పోతుంది, కొత్తగా నష్టం గానీ రీఫండు గానీ అడగడానికి అది పనికిరాదు.

సీఏ దగ్గరకు వెళ్లేటప్పుడు ఇవి పట్టుకెళ్లండి: రెండు ఫారం 16లు, ఇద్దరి 26ఏఎస్, ఏఐఎస్, బ్రోకర్ టాక్స్ స్టేట్‌మెంటు చార్జీలతో సహా, పోయినేటి రిటర్నులు, బ్యాంకు వడ్డీ సర్టిఫికెట్లు. నాన్నగారివి 1996 కొనుగోలు దస్తావేజు, ఇప్పటి అమ్మకపు దస్తావేజు, మధ్యవర్తికి ఇచ్చిన కమిషన్ రసీదు, డబ్బు పడిన బ్యాంకు స్టేట్‌మెంటు. 2001 నాటి విలువ కోసం సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో దరఖాస్తు మాత్రం ఈ వారమే పెట్టేయండి.